లేస్తది గని కూసోదు

దేవరకొండ బస్టాండు వెనక
పంచర్ల షాపు మీద నా గేమింగ్ సెంటరు.
మూడు టీవీలు, ఒక కూలరు, గంటకు నలభై.
పోరలు కాల్చుకుంటరు, కార్లు గుద్దుకుంటరు.
జంగయ్య మాత్రం నడుస్తడు.

బోరు బండి మీద హెల్పరు.
కనురెప్పల మీద రాతిపిండి.
తువ్వాలతోని ఎంత దులుపుకున్నా
కంట్రోలరు మీద తెల్లటి వేళ్లు మిగుల్తయి.

మొదటి ఆటల
రాయి మీద పాకురు, పాకురు మీద తడి,
తడి మీద ఏటవాలు ఎండ.
గుర్రం ఉరికితే వెనక ఎర్రగ దుమ్ము.
జంగయ్య గుర్రాన్ని ఆపి వెనక్కి తిప్పిండు.
"లేస్తది గని కూసోదు.
చూడు, వీని చొక్కా ఇంకా ఇస్త్రీ మీదున్నది."

రెండో ఆట పిల్లల బొమ్మల పుస్తకం.
గడ్డి అంటే మూడు గీతలు,
గుట్ట అంటే ఒక నీలం మరక.
ఏం లేదు అందుల, అనుకున్న నేను.
ఇంతల గాలి మళ్లింది.
చేనంత ఒక్క దిక్కు ఒరిగి, వెలుతురు పసుపైంది.
జంగయ్య ముక్కు ఎగబీల్చిండు,
కూలరు గాలిల వానవాసన దొరుకుతదన్నట్టు.
"ఇది గీసినోడు ఎన్నడో చేన్ల తడిసిండు."

నాకు మొదటిదే ఇష్టం.
వాయిదాలు కట్టి కొన్న పెట్టె,
పైసలు కండ్లకు కనబడాలె గద.

ఒకరాత్రి ఆ మొదటి ఆటలనే
రెండు బండల సందుల మనిషి ఇరికి
నేల కిందికి జారిండు.
కింద మట్టి లేదు, మొరం లేదు, రాయి లేదు.
నెత్తి మీద దేశమంత ఆరేసిన దుప్పటి,
కాళ్ల కింద మళ్ల ఆకాశమే.
జంగయ్య దగ్గొచ్చేదాక నవ్విండు.
"పొద్దుగాల చింతపల్లి దిక్కు ఆరు వందల ఫీట్లు దించినం.
గిట్లనే. పొడి, పొడి, ఇంకింత పొడి.
రైతు మాత్రం నవ్వలె."

పోయేటప్పుడు మెట్ల మీద ఆగిండు.
"ఆటల గుట్టలు మంచియి.
దూరంకెళ్లి మసక, దగ్గరికి పోతే చెట్లు మొలుస్తయి.
మనదిక్కు తిరగమరగ.
రోడ్డు మీదికెళ్లి నిండు గుట్ట,
దగ్గరికి పోయేవరకు వెనకదిక్కంత క్వారీ తిన్నది."

ఏమనాలె?
నలభైకి పది తక్కువిచ్చిండు, అడగలె.

ఆ రాత్రి కరెంటు పోయింది.
నల్లటి టీవీ మీద, ఫోను వెలుతురుల,
లోపలి రెండు ఊర్లకూ అంటని దుమ్ము
సన్నగ కూసోని ఉన్నది.

పొద్దున మొదలొచ్చిన కాషిఫ్
అంగిచేతితోని తుడిచేసి
కార్ల ఆట పెట్టుమన్నడు.