అగ్గిపెట్టెలో పదకొండు

ఆ పూవులో విషముందంటే నమ్మబుద్ధి కాదు.
చూపుకి చామంతికి చెల్లెలు,
తెల్ల రేకులు, నడుమ పసుపు బొట్టు.
మోలో కొండలమీద ఆడవాళ్లు
వేళ్ల సందుల్లో ఇరికించి తలలు తుంచి
వీపు బుట్టల్లోకి వెనక్కి విసురుతుంటారు, చూడకుండానే.
ఎండబెట్టి, పొడికొట్టి, ద్రావకంలో నానేస్తే
అడుగున మిగిలేది తేనెరంగు జిగురు.
దోమకైనా పేనుకైనా అది చెప్పేది ఒకటే మాట:
పడు.

దాని గుణమే దాని లోపం.
ఎండ తగిలితే పూట తిరక్కుండా చచ్చిపోతుంది.
విషానికి ఇంత సిగ్గేమిటని నవ్వేవాణ్ణి,
ఇక్కడ సీసాలు కడిగే పనిలో చేరిన కొత్తలో.
డాక్టర్ గథోనీ నవ్వలేదు.
"తొందరగా చచ్చే విషమే మంచి విషం, సిగెయ్.
కాస్త ఆలస్యం చేద్దాం, అంతే."

అందుకని దానికో ఇల్లు కట్టాం.
పాలిమర్ గోడలు,
ఆవగింజలో వెయ్యోవంతు గది.
వెచ్చబడితే ముడుచుకుని తలుపేసుకుంటుంది,
చల్లబడితే నీళ్లు తాగి ఉబ్బి తెరుచుకుంటుంది.
పగలు తేనెటీగలు పూలమీదుంటాయి, అప్పుడు మూత.
రాత్రి పురుగులు ఆకులమీదికొస్తాయి, అప్పుడు వాకిలి బార్లా.
ఇరవైరెండు డిగ్రీల దగ్గర గడియ.
బీకరులో నీళ్లు వెచ్చబడగానే పాలలా తెల్లబడి
చల్లారగానే తేటపడే ఆ క్షణాన్ని
నూటపదిసార్లు చూశాను,
నూటపదిసార్లూ నోటుబుక్కులో రాశాను: ఒప్పుకుంది.

జూలైలో చిక్కుడు చేలమీద చల్లాం.

తొమ్మిదో రోజు సిరోంగా వచ్చాడు,
మావు అడవి అంచునుంచి, బస్సులో సగం, నడకలో సగం.
ఓగియెక్ మనిషి. చెట్లకి దుంగ గూళ్లు వేలాడదీసి
తేనెటీగలకి అద్దె అడగని వంశం.
కూర్చోమంటే కూర్చోలేదు.
కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీసి
తిన్నగా నా తూకం పళ్లెంలో పెట్టాడు.
ఏం పాడు అలవాటో, ముందు అంకె చదివాను.
తరవాత మూత తీశాను.
పదకొండు.
ఒకదాని కాలికి పుప్పొడి మూట ఇంకా అలాగే ఉంది.

"మీ మందు రాత్రికి లేస్తుందన్నారు కదా,
జూలైలో మా కొండమీద
మధ్యాహ్నం కూడా రాత్రే."

మా కిటికీలో అప్పుడు ఇరవైయేడు.
అక్కడ పొగమంచు ఎక్కి కూర్చుంటే
పట్టపగలు పన్నెండింటికి పద్నాలుగు.
ఇన్ని కోట్ల గదులు
పొద్దు కుంకిందనుకుని
ఒక్కసారిగా తలుపులు తీశాయి.
గోడలు తప్పు చెయ్యలేదు. చెప్పినట్టు విన్నాయి.
వాటికి చలే తెలుసు. రాత్రి అంటే ఏమిటో
మేం చెప్పనేలేదు.

డాక్టర్ గథోనీ సంజాయిషీ చెప్పలేదు.
ఎన్ని గూళ్లు పోయాయని అడిగింది.
"రెండు. మూడోది ఆలోచిస్తోంది."

ఆ సాయంత్రమే మళ్లీ మొదలు.
గొలుసులో నూనె స్వభావమున్న ముక్కలు పెంచితే
గడియ కిందికి జారుతుంది: పద్దెనిమిది, పదిహేను, పదకొండు.
పదకొండు దగ్గర ఆగాం.
ఆగి, ఇద్దరం ఒకేసారి అనుకున్నాం:
ఫిబ్రవరిలో ఏ రాత్రయినా అంత చల్లబడకపోతే?
అప్పుడు తలుపు తెరుచుకోదు, పురుగు పండగ చేసుకుంటుంది.

సిరోంగా ఇంకా వెళ్లలేదు.
బయట మెట్లమీద పాల టీ తాగుతూ
లోపలి మాటలు వింటున్నాడు కాబోలు,
గుమ్మంలోంచే అడిగాడు:
"చలిని కాదు,
చీకటిని గుర్తుపట్టే గోడ కట్టలేరా?"

ఆవిడ కలం ఆగింది.
చాలాసేపు ఆగింది.
తరవాత కొత్త పేజీ తిప్పింది,
పైన అతని పేరు రాసింది.

అగ్గిపెట్టె ఇప్పటికీ నా అరలోనే ఉంది,
ప్రామాణిక ద్రావణాల పక్కన.
లేబులు నేనే అంటించాను.
నమూనా నూటపదకొండు:
ఒప్పుకోలేదు.