ఏడు, మూడు

అత్తాపూర్, పిల్లర్ నంబర్ నూట నలభై మూడు.
పొద్దున తొమ్మిదికి పది తక్కువ.
మెహదీపట్నం దాకా నలభై ఏడు రూపాయలు.
హెల్మెట్ నా చేతికిచ్చి
"ఓటీపీ చెప్పుండ్రి మేడం" అన్నాడు కావలి ఆశన్న.
ఏడు అన్నాను.
మూడు అన్నాను.
మూడో అంకె నాలుక మీద ఉండగానే
రివర్స్‌లో వస్తున్న నీళ్ల ట్యాంకర్
అతన్నీ బండినీ కలిపి పిల్లర్‌కి ఒత్తేసింది.

నాకేం కాలేదు. ఫుట్‌పాత్ మీదున్నాను.
హెల్మెట్ చేతిలోనే ఉంది,
లోపల ఎవరెవరివో కొబ్బరినూనెల వాసన.

హెల్ప్‌లైన్ అమ్మాయి గొంతు మెత్తగా ఉంది.
"నాలుగంకెలూ పడితేనే రైడ్ మొదలైనట్టు మేడం,
రైడ్ మొదలైతేనే కవర్ మొదలైనట్టు.
మా రికార్డులో మీ కెప్టెన్ వచ్చాడు, అంతే."

వచ్చాడు. నిజమే.
ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినా బాగుండేది.

సాయంత్రానికి మెసేజ్:
రైడ్ రద్దయింది, రద్దు రుసుం పదిహేను రూపాయలు.
మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు?

ఇక బండి పాలసీ.
నంబర్ ప్లేట్ తెల్లది.
తెల్లప్లేటు బండి మీద పెండ్లాన్ని ఎక్కించుకోవచ్చు,
తోటకూర కట్టలు వేలాడదీసుకోవచ్చు,
బామ్మర్దిని దింపి రావచ్చు.
నన్ను ఎక్కించుకుంటే మాత్రం కిరాయి.
"కిరాయికి తిప్పితే పాలసీ పలకదమ్మా"
అన్నాడు ఎంక్వైరీకొచ్చిన భీంరావు సారు.
"రైడ్ మొదలే కాలేదంటున్నరు గద సార్,
మరి కిరాయెట్లయితది?" అన్నాను.
ఆయన పెన్ను ఆగింది.
ఆయన చెడ్డవాడేం కాదు. చాయ్ తాగమన్నాడు.
పెన్ను మళ్లీ నడిచింది.

యాప్‌కేమో అది ఇంకా కిరాయి కాలేదు,
పాలసీకేమో అప్పటికే కిరాయి.
ఒక్క తొడ ఎముక రెండు ముక్కలై
ఉస్మానియాలో ఇటుకల బరువుకి వేలాడుతోంది.

ట్యాంకర్‌కి థర్డ్ పార్టీ ఉందన్నారు.
ఫిట్‌నెస్ గడువు మాత్రం మార్చిలోనే పోయింది.
"అయినా ట్రిబ్యునల్‌కి పోండి.
ముందు ఇన్సూరెన్సోళ్లను కట్టమని,
తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని అనొచ్చు.
మూడేండ్లు పట్టొచ్చు, అయిదూ పట్టొచ్చు."
బాలమణి అంతా విన్నది.
"థర్డ్ పార్టీ అంటే ఎవరు సార్?"
"మీ ఆయనే అమ్మా."
ఆమె మంచానికి అటూ ఇటూ చూసింది.
"మరి ముందటి ఇద్దరేరి?"

కళ్ల దవాఖానలో బిల్లులు కొట్టే దాన్ని నేను,
నియమాల కింది చిన్నక్షరాలు నాకు కొత్త కాదు.
ఒక గడిలో టిక్కు లేదని
ఎందర్ని వెనక్కి పంపానో లెక్క లేదు.
అయినా ఆ రాత్రి అబద్ధం ఒకటి కుట్టుకున్నాను:
నాలుగూ చెప్పాను, ఆయనే నొక్కలేకపోయాడు.
పొద్దునకి కుట్లు ఊడిపోయాయి.
ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న సర్వర్
ఆ ఏడు, మూడు కూడా
తన చెవిన పడలేదంటుందట.

వెళ్లొస్తానంటే బాలమణి చెయ్యి పట్టుకుంది.
"అక్కా, మిగిలిన రెండు ఏంటివి?"
సున్నా, ఎనిమిది.
మంచం ఇనుప కడ్డీ మీద వేలితో
నాలుగూ వరసగా రాసింది.
ఏమీ మొదలు కాలేదు.
పక్క మంచం ముసలాయన దగ్గాడు,
ఆయా వచ్చి టైమైపోయిందంది.

ఇప్పుడు నేను
బండి పూర్తిగా ఆగకముందే,
పేరు అడగకముందే, హెల్మెట్ ముట్టకముందే,
నాలుగంకెలూ ఒక్క గుక్కలో అరుస్తాను.
కెప్టెన్లు నవ్వుతారు.
"గంత జల్దేంది మేడం,
బండి ఎక్కుండ్రి ముందు."