అరక్క

ఎంజీఎం ఎదురుంగ మందుల దుకాణంల
మా ఆయన పదకొండేండ్లు చీటీలు చదివిండు.
బి.డి. అంటే పొద్దుమాపు,
హెచ్.ఎస్. అంటే పండుకునే ముంగట.
అర్థం ఎరుకే, అక్షరాల ఎనుక మాట తెల్వదు.
అది ఆయనకు పంటి సందుల పీచు.

ఒకనాడు కిలో వంకాయలు తెమ్మంటే
చౌరస్తా కాడి పాతపుస్తకాల కుప్పలకెల్లి
అట్ట లేని లాటిన్ వ్యాకరణం తెచ్చిండు,
నలభై రూపాయలకు.
"బిస్ ఇన్ దియే! దినానికి రెండుసార్లు!
హోరా సోమ్నీ! నిద్ర హోర!"
కొత్తవాడ ఇరుకు వాకిట్ల నిలబడి
లాటరీ తగిలినోని లెక్క ఒర్రిండు.
అత్తమ్మ మొలకున్న పంచాంగం దించింది:
"హోర మనదే గదరా, శుక్ర హోర, శని హోర.
వాళ్లెప్పుడు ఎత్కపోయిన్రు?"
ఎవరు ఎవరికాడ బదులు తెచ్చుకున్నరో
ఆ రాత్రి తేలలే. వంకాయలూ రాలే.

అప్పటి సంది
దుకాణం మూసి ఆయన వచ్చినంక, అన్నాలు తిన్నంక,
మగ్గం గుంట అంచుకు మేం ఐదుగురం, ఒక్క పుస్తకం.
డుమువులు బట్టీ పట్టిన నోటికి
వాళ్ల విభక్తులు దూరపు చుట్టాలు:
మొకం ఎక్కడ్నో చూసినట్టే ఉంటది,
వరుస కలుపుడే కష్టం.
తప్పు చెప్పినోళ్లు తెల్లారి నల్లా నీళ్లు పట్టాలె.
ఎక్కువసార్లు నేనే పట్టిన.

శ్రీనిజ ఇంటర్ బైపీసీ.
"స్టామెన్ అంటే కేసరం, పువ్వుల ఉంటది" అన్నది.
ఆయన వేలు పెట్టి చదివిండు:
"స్టామెన్, మగ్గం మీద నిలువు దారం."
గోడకానుకొని కునుకుతున్న మామయ్య
లేచి కూసున్నడు.
"పడుగా?"
"పడుగే, నాయినా."
"పువ్వుల పడుగా?"
డెబ్బై రెండేండ్ల మనిషి
పెరట్ల ముడుచుకున్న మందారం తెంపుకొచ్చి
బల్బు కింద విప్పి
పోగులు లెక్కపెట్టుకుంట కూసున్నడు.
ఆనాడు పాఠం ముందుకు పోలే.

నిరుడు వానల్ల, కరెంటు పోయిన రాత్రి
శ్రీనిజ కథ చెప్పింది:
లిడియా అనే దేశంల రంగులద్దేటోని బిడ్డ, అరాక్నీ,
మినర్వా దేవతతోటి నేతల పందెం కట్టింది.
రెండు మగ్గాలు, ఎదురెదురుంగ.
"కూలెంత?" మామయ్య అడిగిండు.
"ఎన్ని దినాలల్ల దిగింది బట్ట?"
పుస్తకంల రెండూ లేవు.
పిల్ల నేసిన బట్టల దేవతకు ఒక్క తప్పు దొరకలే.
దొరకనందుకే చింపింది,
నాడెతోటి నుదుట కొట్టింది.
పిల్ల ఉరేసుకుంది.

అక్కడ మాట ఆగింది.
మా గల్లీల అది కథల మాట గాదు.
చూరు నీళ్లు పడుతున్న చప్పుడు.

"చావనియ్యలే," శ్రీనిజ మెల్లగ అన్నది,
"సాలెపురుగును చేసింది."
ఒకరి మొకం ఒకరం చూసుకున్నం, దీపం ఎలుగుల.
సాలోళ్లం మేం.
వాళ్ల కాడ శాపమైంది
మా కాడ రేషన్ కార్డుల కులం.

మామయ్య గొంతు సవరించుకున్నడు:
"మన భావనా ఋషి తామర తూడు దారంతోటి
దేవుండ్లకు బట్ట నేసిండు.
కట్టుకున్నరు. కొట్టలే."
కొంచెం ఆగి:
"పైసలిచ్చిన్రా అంటే, అదీ రాసి లేదు."

అత్తమ్మకు ఆ పేరు నోరు తిరగలే.
"అరక్కది తప్పేం లేదు," అన్నది చీకట్ల,
"పనిమంతురాలి నోరు జరంత పెద్దగనే ఉంటది."

తెల్లారి బూజుకర్ర పట్టుకున్నది.
మగ్గం మీద మూలకు, వాసం కింద,
వాన తడికి మెరుస్తున్న గూడు.
కర్ర ఆగింది.
ఇడిసిపెడ్తదనుకున్న.
ఇడువలే. ఒక్క ఏటుకు దులిపింది.
"నీకేంది అరక్కా," అన్నది,
"మాపటికల్లా మళ్ల నేస్తవు.
నీకు నూలు అప్పు లేదు."