బ్రేకు మీద ఉందనుకున్న కాలు

మా అమ్మ అల్ఫోన్సీన్ నాకు మిగిల్చినవి
ఒక ఊలు దుప్పటి, రెండు రాగి గిన్నెలు,
విల్లులా వంగిన ఈ పాదాలు.
దుప్పటికి చిల్లులు పడ్డాయి. గిన్నెలు అమ్మేశాను.
పాదాలు మాత్రం ఏటేటా ఇంకొంచెం అమ్మవి అవుతున్నాయి.

డాక్టరు ఆ జబ్బుకు మూడు ఇంటిపేర్లు చెప్పాడు.
ముగ్గురిలో ఒక్కరూ మా చుట్టం కాదు,
మకాం మాత్రం మా ఇంట్లోనే.
నరాల చివర్లంటే ఊరి చివరి ఇళ్లు, అన్నాడు,
తీగ పాడైతే ముందు దీపం ఆరేది అక్కడే.
నా ఊరి చివర కాలి బొటనవేలు.
అక్కడ చీకటి పడి చాలా కాలమైంది.

సాగ్నే నది గట్టు వెంబడి ఇరవై రెండేళ్లు
పసుపుపచ్చ స్కూలు బస్సు నడిపాను.
మైనస్ ముప్పైలో కూడా
పలచటి అట్టల బూట్లే తొడుక్కునేదాన్ని,
పెడలు కబురు కాస్తయినా అందుతుందని.
అందని రోజున చెవితో నడిపేదాన్ని:
ఇంజను గొంతు పెరిగితే నా కాలు బరువెక్కినట్టు,
తగ్గితే తేలికైనట్టు.
ఎవరికీ చెప్పలేదు.
ఏటా నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది,
దాని దగ్గరికి వచ్చేసరికి
నా పెన్నులో సిరా గడ్డకట్టేది.

మార్చిలో, కరిగిన మంచు రాత్రికి రాత్రే గాజైన ఒక ఉదయం,
కాగితం మిల్లు మలుపులో
ఎర్రటోపీ పిల్లాడొకడు
జారిన చేతితొడుగు కోసం రోడ్డు మీద వంగాడు.
బ్రేకు వేశాను.
వేశాననే అనుకున్నాను.
ఇంజను గొంతు పెరిగింది.

కిందికి చూస్తే
నా కాలు యాక్సిలరేటరు మీదే ఉంది,
పక్కింటి అరుగు మీద కూర్చున్నట్టు, ఏమీ ఎరగనట్టు.
మోకాలు చేత్తో పట్టి లాగాను.
బస్సు ఆగింది.
పిల్లాడు తొడుగు దులుపుకుని నాకు చెయ్యి ఊపాడు.

"మదామ్ గిలేన్, ఎందుకాగాం?" వెనక సీట్లోంచి ఎవరో.
జవాబుంది. నోరే పెగల్లేదు.

కాళ్లకు బుద్ధి చెప్పడమంటే
పారిపోవడమని ఎవరన్నారో గాని,
బుద్ధి చెప్పినా వినని కాళ్లతో
ఇన్నేళ్లూ నేను పారిపోతూనే ఉన్నాను,
నలభైమంది పిల్లల్ని ఎక్కించుకుని.
ఆ సాయంత్రం డిపో బల్ల మీద తాళాలు పెట్టేశాను.

పరీక్ష చేసిన ఫ్లావీ నా కూతురికి అక్కలా ఉంటుంది.
కళ్లు మూసుకోమని, నా బొటనవేలు పట్టుకుని
"పైకా? కిందికా?" అని అడిగింది.
బొమ్మా బొరుసా ఆడినట్టు చెప్పాను.
పదిట్లో ఏడు తప్పు.
ఒప్పైన మూడూ అదృష్టమే.

మంచు హాకీ మైదానం పక్కన, ఖాళీ పార్కింగులో
స్టీరింగు పక్కన పొడవాటి కడ్డీ ఉన్న కారు ఎక్కించింది.
ముందుకు తోస్తే ఆగుతుంది. కిందికి నొక్కితే కదులుతుంది.
మొదటిసారి తోశాను:
ఆగడం అరచేతికి తెలిసింది!
ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమంటే
భయమనే అనుకునేదాన్ని ఇంతకాలం.

"నా చేతులూ ఏదో ఒకనాడు ఇదే దారి పడతాయి కదా?"
ఫ్లావీ అబద్ధం ఆడలేదు.
"ఏటా రా. అడుగుతాను. నిజం చెప్పు."
బస్సు ఇక లేదని కూడా చెప్పింది. కారు వరకే.
ఇంటికి టాక్సీలో వచ్చాను, ఏడుస్తూ.

పదహారేళ్ల మాయెల్ వంటింటి పలకల మీద
చెప్పుల్లేకుండా తిరుగుతోంది.
తడి అడుగులు: మడమ ఒకచోట, వేళ్లు ఒకచోట,
మధ్యలో అమ్మమ్మ వంతెన.
బల్ల మీద లెర్నింగ్ లైసెన్సు ఫారం.
నేను గిన్నెలు కడుగుతూ అటు చూడనట్టు చూశాను.
నా పెన్ను తీసుకుంది, పేరైనా రాయకముందే
రెండో పేజీ తిప్పి ఆ గడిలో టిక్కు పెట్టింది.

తర్వాత అడిగింది:
"పేరు పెద్దక్షరాల్లోనా అమ్మా?"