రెండో భాష రుజువు

ఫారంలో పదకొండో గడి:
రెండో భాష. రుజువు జతపరచవలెను.

ఎమ్మే మార్కులున్నాయి, యాభై ఎనిమిది శాతం.
కులం కాగితం పాడేరు నుంచి రెండుసార్లు వెనక్కొచ్చింది,
ఇంటిపేరు ఒకచోట పాంగి, ఇంకోచోట పంగి అయిందని.
మద్దిలపాలెం జిరాక్సు షాపులో
గమ్ము ఆరకముందే ఫొటో పక్కకి జారింది.
అన్నీ ఉన్నాయి.
కువి వచ్చుననే దానికే కాగితం లేదు.

ఏం రాయను?
పన్నెండేళ్లప్పుడు కేజీహెచ్ ఓపీలో
ఆయా డ్యూటీలో ఉన్న అమ్మ
తుడుపుకర్ర వదల్లేక మోచేత్తో నన్ను ముందుకి తోసి
"అడగవే, ఏటి నొప్పో" అందనా?

కొండ దిగొచ్చిన ముసలమ్మ ఒక మాట అంది.
డాక్టరు పెన్ను ఎత్తి పట్టుకున్నాడు.
అది మంట కాదు, పోటు కాదు,
సలుపు కాదు, తీపు కాదు.
నాకు తెలిసిన తెలుగు నొప్పులన్నీ తీసి చూశాను,
ఏదీ ఆవిడ పక్కటెముకకి సరిపోలేదు.
వెనక లైను గొణుగుతోంది.
"కడుపు నొప్పంటండి" అనేశాను.
ఆయన రాసేశాడు.
అదే నా మొదటి అనువాదం.

ఇంటర్వ్యూలో అడిగారు, మీ పరిశోధన సమస్య ఏమిటని.
కిటికీలో సముద్రం. రేవులోకి పిలుపు రాని ఓడ ఒకటి
లంగరేసుకుని ఉంది.
"ఆవిడ పేరు తెలీదండి" అన్నాను.
నవ్వారు. సీటిచ్చారు.

ఆరు నెలల కోర్సువర్కు, దాని పరీక్ష,
ఏడాదికి రెండు సమీక్షలు, అచ్చులో రెండు వ్యాసాలు,
మార్జిన్ నిండా మజ్జి సత్యవేణి మేడమ్ ఎర్రసిరా:
"మూలానికి విధేయత అని ఊరికే రాసేయకు.
ఎవరి మూలం? ఎవరికి విధేయత?"
ఫెలోషిప్పు ఆగిన తొమ్మిది నెలలూ
పూర్ణా మార్కెట్ దగ్గర మందుల షాపులో లెక్కలు రాశాను.
ఐదో ఏడు, పొడిగింపు దరఖాస్తు.

కాపీ పట్టే యంత్రంలో పెడితే
నాలుగో అధ్యాయానికి సున్నా శాతం వచ్చింది.
అంతా నా సొంతమని కాదు,
ఆ భాష దానికి రాదని.

వైవాలో బయటి పరీక్షకుడు అడిగాడు:
"ఇంతకీ ఆ మాటకి తెలుగేమిటమ్మా?"
నూట నలభయ్యో పేజీ తీసి చూపించాను.
అక్కడ ఖాళీ. కింద చిన్నక్షరాల్లో:
'అనువాదకురాలి వయసు పన్నెండు.
రోగి మళ్లీ ఓపీకి రాలేదు.'

బయట బెంచీ మీద అమ్మ, కేరేజీ ఒళ్లో పెట్టుకుని,
"ఏటడిగినారే?" అంది.
ఆ ముసలమ్మ అన్న మాటే అన్నాను.

అమ్మ చెయ్యి
తన పక్కటెముక మీదకి పోయింది.