అతుకు

బమ్మిడి వారి పనసతోటకి ఎలుగు దిగుతోందట.
మందస నుంచి మనిషొచ్చి కబురు చెప్పేడు,
కంచె కావాలి, ఎంత ఎత్తయితే ఆగుతుందో నువ్వే చెప్పు,
బయటిదేశం చూసొచ్చినోడివి గదా.

టేపు పట్టి కొలిచేను. తొమ్మిదడుగులు చాలన్నాను.
అక్కడ పదమూడుండేది, పైన బ్లేళ్ళ చుట్ట.
ఆ మాట మాత్రం గొంతు దాటలేదు.

ఢిల్లీరావుది కాశీబుగ్గ రైలుగేటు దగ్గర ఆఫీసు.
ఏసీ గది, గోడకి మంచుకొండ పటం.
ముందు సెర్బియా, అక్కణ్ణుంచి యూరప్ గుమ్మంలోకి
ఒక్క అంగ, అన్నాడు.
అంగ ఖరీదు ఏడు లక్షలు.
మా అరెకరం జీడితోట కాగితం
ఇప్పటికీ సోంపేటలో తాకట్టులోనే ఉంది.

షెడ్డులో పన్నెండుమందిమి.
ఇనప స్తంభాలకి అడుగుపలకలు అతకడం పని.
ఎవరి కంచో ఎవరూ చెప్పలేదు,
లారీలొచ్చి ఉత్తరానికి పట్టుకుపోయేవి.
జీతం వచ్చే నెల. మళ్ళీ వచ్చే నెల.
పాస్‌పోర్టులు యజమాని బీరువాలో.

రాత్రిళ్ళు అడవంచు నుంచి కుర్రాళ్ళొచ్చేవారు.
ఫర్హాద్ అని ఒకడు, పదిహేడుంటాయేమో,
పైపెదవి మీద ఇంకా నూగు.
మాట తెలీక, చేత్తో గాలిలో మెట్లు గీసి చూపేడు.
షెడ్డు వెనక పారేసిన చువ్వలుండేవి.

పగలు కంచె, రాత్రి నిచ్చెన.
కంచెకి కూలి రాలేదు.
నిచ్చెనకి పది యూరోలు, ఒక్కోసారి ఓ రొట్టె.
కంచెకి నిండు కుట్టు వేసేవాణ్ణి,
ఇన్‌స్పెక్టరు సుత్తితో కొట్టి చూసేవాడు మరి.
నిచ్చెనకి మెట్టుకి రెండు చుక్కలే.
వెలుగు చూసి కుక్కలు మొరిగేవి.

ఆరో నెల నేనూ వెళ్ళేను.
దాన్ని వాళ్ళు గేమ్ అంటారు.

ఇచ్ఛాపురంలో పుట్టినవాణ్ణి.
మాకు సరిహద్దంటే పురుషోత్తపురం చెక్‌పోస్టు,
ఆగేవి లారీలు. మేం కాదు.
అవతల ఒడిశాలో మావయ్యింట్లో పొద్దున్నే పఖాళం తిని
మధ్యాన్నానికి ఇంటికొచ్చీసేవాళ్ళం.
ఎవడూ పేరడగలేదు.

ఇక్కడ, చీకట్లో చెయ్యి పెడితే
స్తంభం మొదట్లో కుట్టు తగిలింది.
ఎడమకి ఒరిగిన కుట్టు.
పన్నెండుమందిలో ఎడమచేతివాటం నాదొక్కడిదే,
నరసన్నపేట ఐటీఐలో మాస్టారు దానికే వేళ్ళ మీద కొట్టేవారు.
నవ్వొద్దు, ఒక్క క్షణం
బాగానే వచ్చిందనుకున్నాను.

అప్పుడు లైట్లు.
లౌడ్‌స్పీకరు అయిదు భాషల్లో పొమ్మంది.
తెలుగు లేదు. అయినా అర్థమయింది.
ఫర్హాద్ నాకంటే ముందున్నాడు,
ఎనిమిదో మెట్టు మీద.

కంచె కదల్లేదు.
మెట్టు ఊడింది.

రెండూ నా చేతివే.

మా బూట్ల తాళ్ళు తీసీసుకున్నారు,
ఫోన్లు నేలకేసి కొట్టేరు,
చిన్న తలుపు తీసి మమ్మల్ని వెనక్కి తోసేరు.
అంత కంచెకీ ఓ తలుపుంటుందని అప్పుడే తెలిసింది.
వాణ్ణి మాత్రం స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోయేరు.
ఎలాగైతేనేం, అటువైపుకి చేరేడు గదా
అని గుంపులో ఎవడో అన్నాడు.
ఆ తర్వాత వాడి సంగతి తెలీదు.

ఇంటికొచ్చేక దమయంతి అడిగింది,
"ఏటి, ఆళ్ళు మనుసులు కారేటి?"
మనుషులే.
తోసే ముందు ఒకడు నాకు సిగరెట్టిచ్చేడు.
అదే ఇప్పటికీ అర్థం కాదు.

ఇవాళ తోటలో పని మొదలు.
రాలిన పనసతొనల మీద ఈగలు, మట్టిలో ఎలుగు గోళ్ళ గీతలు.
పై పట్టీలు అతకాలని
వాళ్ళ పాత ఇనప నిచ్చెన తెచ్చి చెట్టుకానించేరు.

ముందు దాన్నే నేల మీద పడుకోబెట్టేను.
మెట్టుమెట్టుకీ, నాలుగు పక్కలా, నిండు కుట్టు.

"రాడ్లన్నీ దానికే దండగ సేత్తన్నావు,
ముందు కంచె గదేటి?" అంటున్నాడు బమ్మిడాయన.

ముసుగు దించుకున్నాను.

ఎనిమిదో మెట్టు దగ్గరున్నాను,
కాస్త ఆగండి.