బట్టలుతకని మెషీన్

గుజ్రాన్‌వాలా దాటబోయే లారీలు
ఓసారి ఆగి ఊపిరి పీల్చుకునే చోట
మెహర్‌దీన్ లస్సీ కొట్టు.
నేనక్కడ గ్లాసులు కడిగేవాణ్ని.
తొమ్మిదేళ్లు. మోచేతుల దాకా పెరుగు వాసన.

కొట్టు నడిమధ్య బట్టలుతికే మెషీన్.
నవ్వకండి, మా వైపు చాలాచోట్ల అదే కవ్వం.
మీగడ కట్టిన గడ్డపెరుగు,
గోనెసంచిలో చితక్కొట్టిన ఐసు,
గుప్పెడు కోవా బిళ్లలు.
మీట తిప్పితే
దాని పొట్టలో ఉరుములు.

అసలది సుగ్రా చాచీ కోసం కొన్నది,
ఆమె భుజం పట్టేసిన ఏడాది,
రెండు బర్రెదూడలమ్మి.
మూతెత్తి లోపలికి చూసి ఆమె
"నా దుపట్టా తాడై బయటికొస్తుంది" అంది.
వారం తిరక్కుండా రిక్షా ఎక్కి కొట్టుకొచ్చింది మెషీన్,
ఇంట చెల్లని రూపాయి బజార్లో చెల్లినట్టు.

నలిగిన చెవుల పహిల్వాన్లు వచ్చేవాళ్లు.
అచ్ఛూ పహిల్వాన్ రెండు గ్లాసులు దించి
మూడోది అడగడానికి సిగ్గుపడేవాడు,
చల్లకొచ్చి ముంత దాచే రకం.
మెహర్‌దీన్ అడక్కుండానే పోసి
పైన రెండు వేళ్ల మందం మీగడ పరిచేవాడు.
తాగినవాడు మీసమైనా తుడవకుండా
నులకమంచం మీద ఒరిగిపోయేవాడు.
లారీల మీది రంగు నెమళ్లు ఎండలో కాపలా.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.
మెషీన్ మాట మధ్యలో నోరు మూసుకుంది.
పదిహేనుమంది ఎండిన గొంతులు
నేనే తీగ కోసినట్టు నన్ను చూశాయి.

వెనక సందులోంచి వచ్చింది సుగ్రా చాచీ,
చంకలో కుండ, చేతిలో వాళ్లమ్మ కవ్వం.
నేల మీద కూలబడి
కుండను పాదాల మధ్య ఇరికించి
తాడు లాగింది.

ఘుమ్ము, ఘుమ్ము.
ఎవరూ మాట్లాడలేదు.
షకర్‌గఢ్ ముసలి డ్రైవరొకడు
కళ్లు తెరవకుండానే
"తెల్లారిందా?" అన్నాడు.

మెహర్‌దీన్ ఆమె కుడిభుజం వంకే చూస్తూ
"చాల్లే, వదిలెయ్" అన్నాడు, రెండుసార్లు.
వెన్న తేలేదాకా ఆమెకి వినపడలేదు.
తేలిన మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది.
ఉప్పు కాదు, తీపి కాదు.
ఆ తర్వాత చాలా ఊళ్లలో చాలా తిన్నాను,
దాని రుచేమిటో ఇంకా చెప్పలేను.

పొద్దు వాలాక కరెంటొచ్చింది.
ఆపడం మరిచిన మెషీన్
తనంతట తనే గిర్రున తిరిగింది.
సుగ్రా చాచీ లేచి, దాన్ని ఆపి,
లోపలి పెరుగంతా బిందెలోకి వంపి,
మెహర్‌దీన్ ఒంటి మీది కమీజు లాగి,
చెమటా మీగడా అట్టకట్టిన కమీజు,
అందులో పడేసి
"సబ్బేది?" అంది.

బనీనుతో నిలబడి ఆయన లబోదిబోమన్నాడు.

మర్నాడు మరిగే నీళ్లతో
ఏడుసార్లు కడిగింది నేనే.
అచ్ఛూ పహిల్వాన్ గ్లాసు దించి
నాలుక చప్పరించి, కాసేపు ఆలోచించి,
"ఇవాళ నురుగు బాగుంది" అన్నాడు.